ఎండల్లో ఫోన్ కాలిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మార్చి దాటిందంటే చాలు, ఇవే ప్రశ్నలు. బంధువుల గ్రూపులో ఒకరు, ఆఫీసులో ఒకరు, కింద వాచ్‌మన్ ఒకరు, అందరిదీ ఒకటే గోల: ఫోన్ కాలిపోతోంది, ఏం చేయమంటారు? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఏదో వెతుక్కుని అది చదివితే సరిపోతుంది. అందుకే కొన్ని మాటలు రెండు మూడు చోట్ల మళ్లీ మళ్లీ వస్తాయి, ఏమనుకోకండి. బయటి ఎండను మనం ఆపలేం. ఫోన్ తనంతట తాను పుట్టించుకునే వేడిని తగ్గించడం మాత్రం మన చేతుల్లో ఉంది, నేను చెప్పేదంతా దాని గురించే.

## ఎండలు ముదరకముందు

అసలు ఫోన్ ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుంది?

ఆపిల్, శాంసంగ్ రెండూ చెప్పే లెక్క ఒకటే: చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు వాడండి అని. మన దగ్గర ఏప్రిల్‌లోనే 40 దాటుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లలో, రామగుండం, రెంటచింతల లాంటి చోట్ల, 44, 45 అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. ఇంకో సంగతి, వార్తల్లో చెప్పే ఆ 44 నీడలో కొలిచినది. వాతావరణ శాఖ థర్మామీటరు గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో ఉంటుంది. మీ నల్లటి ఫోన్ ఎండలో ఉంటుంది. దాని ఒంటి మీద వేడి ఆ 44 కంటే చాలా ఎక్కువ.

అలాగని 36 రాగానే ఫోన్ పాడైపోదు. 35 అనేది అది ఇబ్బంది లేకుండా పనిచేసే హద్దు. అక్కడ నుంచి వెలుతురు తగ్గించడం, స్పీడు తగ్గించడం, చార్జింగ్ ఆపడం, చివరికి తానే పడుకోవడం, ఇలా మెట్టు మెట్టుగా తనను తాను కాపాడుకుంటూ పోతుంది.

కొంచెం వెచ్చగా ఉంటేనే టెన్షన్ పడాలా? ఎంత వేడి మామూలు?

మన ఒంటి వేడి 37 కాబట్టి ఫోన్ 40 దగ్గర ఉన్నా మనకు కాస్త వెచ్చగా మాత్రమే అనిపిస్తుంది. ఎండాకాలంలో అది మామూలే, పట్టించుకోవద్దు. చేత్తో పట్టుకోలేక ఈ చేతి నుంచి ఆ చేతికి మారుస్తున్నారంటే మాత్రం 45 దాటిందనుకోవచ్చు, అప్పుడు చేస్తున్న పని ఆపేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ వివరాలు చూపే యాప్ ఏదైనా వేసుకుంటే డిగ్రీల్లోనే కనిపిస్తుంది. ఐఫోన్ ఆ అంకె బయటికి చూపించదు.

వేడి ఎక్కడ తగులుతోందో కూడా చూడండి. పైభాగంలో కెమెరా పక్కన కాలుతుంటే చాలా ఫోన్లలో అది ప్రాసెసర్ (ఫోన్‌కు మెదడు లాంటి చిప్) వేడి, పని ఆపితే దిగుతుంది. ఏ పనీ లేకుండా పక్కన పడేసి ఉన్నా మధ్యభాగం, అంటే బ్యాటరీ ఉండే చోటు, కాలుతుంటే అది షాపులో చూపించాల్సిన సంగతి.

కొత్త ఫోన్ కొంటున్నాను. వేడెక్కని ఫోన్ ఏదైనా ఉందా?

లేదు. "వేపర్ చాంబర్ కూలింగ్" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాస్తారు కదా, అది వేడిని మాయం చేయదు, ఒకచోట పోగవకుండా ఫోన్ అంతా పరుస్తుంది. గేమ్ ఆడేటప్పుడు ఉపయోగమే. కానీ బయట గాలే 43 ఉంటే ఆ పరిచిన వేడి బయటికి పోవడానికి దారేది? దాని కోసం అదనంగా డబ్బు పెట్టడం నాకైతే దండగనిపిస్తుంది. ఎండలో తిరిగే పనైతే రెండు చూడండి, పెద్ద బ్యాటరీ (మధ్యాహ్నం చార్జింగ్ పెట్టే అవసరం తప్పుతుంది), లేత రంగు. నల్ల ఫోన్, నల్ల కవర్ ఎండను ఎక్కువ పీల్చుకుంటాయి.

ఎండాకాలంలో కవర్ తీసేయాలా?

ఇంట్లో ఉన్నప్పుడు, చార్జింగ్ పెట్టినప్పుడు, గేమ్ ఆడేటప్పుడు తీసేయండి. మందపాటి రబ్బరు కవర్లు, పుస్తకంలా మూసే లెదర్ కవర్లు వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. బయట తిరిగేటప్పుడు మాత్రం ఉంచండి. వేడెక్కిన ఫోన్ చల్లబడుతుంది గానీ పగిలిన స్క్రీన్ అతుక్కోదు.

## ఎండలోకి వెళ్లినప్పుడు

బైక్ హ్యాండిల్‌కి పెట్టి మ్యాప్ చూస్తుంటే కాసేపటికే స్క్రీన్ డిమ్ అయిపోతోంది, ఏం చేయాలి?

డెలివరీ చేసే కుర్రాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. ఆ ఫోన్ మీద ఏమేం పడుతున్నాయో ఒకసారి చూడండి: సూటిగా ఎండ, ఎండలో కనపడాలని ఫుల్ బ్రైట్‌నెస్, ఆగకుండా జీపీఎస్, నెట్, ఆ పైన బండి నుంచి చార్జింగ్. బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి ఎలాగో నెట్టుకొస్తుంది. రెడ్ సిగ్నల్ పడి ఆగారా, ఆ కాస్త గాలీ పోయి కింద నుంచి ఇంజిన్ సెగ తగులుతుంది, డిమ్ అయ్యేది సాధారణంగా అక్కడే. ఇది రిపేరు కాదు, స్క్రీన్ వేడిని తగ్గించుకోవడానికి ఫోన్ చేస్తున్న పని. మీరు మళ్లీ బ్రైట్‌నెస్ పెంచినా అది ఒప్పుకోదు.

ముందు చార్జింగ్ వైరు పీకేయండి. ఇంటి దగ్గరే చార్జి ఎక్కించుకుని బయల్దేరితే సగం సమస్య తీరినట్టే. వానాకాలంలో కొన్న జిప్పు ప్లాస్టిక్ పౌచ్ ఇంకా వాడుతుంటే అది తీసేయండి. అందులో గాలి ఆడదు, ఎండ లోపలికి వస్తుంది, వేడి బయటికి పోదు. నాలుగు మూలలా పట్టుకుని వీపు ఖాళీగా వదిలే హోల్డర్ నయం. మీరు తిరిగే ఏరియా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, నెట్ వాడకం తగ్గుతుంది. తెలిసిన దారిలో స్క్రీన్ ఆపేసి జేబులో పెట్టుకోండి, తెలియని మలుపు దగ్గర పక్కన చెట్టు కింద ఆపి చూసుకోండి. హోల్డర్ పైన చిన్న గొడుగు లాంటి నీడ అట్టలు అమ్ముతున్నారు, చూడ్డానికి నవ్వొస్తుంది గానీ పనిచేస్తాయి.

వేడి సంగతి కాకపోయినా హోల్డర్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఎక్కువ పవర్ ఉన్న బైకుల ఇంజిన్ అదురు ఐఫోన్ కెమెరాను దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లోనే చెప్పింది. కదలని ఫోటో కోసం కెమెరాలో ఉండే సన్నటి కదిలే భాగాలు ఆ అదురుకు పాడవుతాయి. అదురు తగ్గించే రబ్బరు ముక్క ఉన్న హోల్డర్ కొనండి.

కారులో ఫోన్ వదిలేసి గుడికో షాపుకో వెళ్లొస్తే ఏమవుతుంది?

బయట 40 ఉంటే, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల అరగంటలో 55 దాటడం మామూలే. ఎండ నేరుగా పడే డ్యాష్‌బోర్డు అంతకంటే చాలా ఎక్కువ కాలుతుంది. ఆపిల్ అయితే ఆపేసి ఉంచిన ఫోన్‌నైనా 45 డిగ్రీలు మించిన చోట పెట్టొద్దంటుంది. వెంట తీసుకెళ్లడమే మంచిది. ఫోన్ లోపలికి రానివ్వని చోటైతే స్విచాఫ్ చేసి, సీటు కింద నీడలో, గుడ్డలో చుట్టి పెట్టండి, కారును నీడ చూసి నిలపండి. తిరిగొచ్చాక ముట్టుకుంటే కాలుతుంటే వెంటనే ఆన్ చేయకండి, చార్జింగ్ అసలే పెట్టకండి, ఏసీ వేసి కాసేపు ఆగండి.

కారు నడిపేటప్పుడు ఫోన్ ఎక్కడ పెడితే మంచిది?

ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించే హోల్డర్. చల్లగాలి నేరుగా వీపుకు తగులుతుంది. ముందు అద్దానికి అంటించే హోల్డర్ ఎండాకాలంలో తీసి డిక్కీలో పడేయండి. చలికాలంలో హీటర్ వేసే దేశాల్లో ఉన్న మనవాళ్లకు ఈ సలహా ఆ నెలల్లో తిరగబడుతుంది, అది వేరే సంగతి.

రోజంతా పొలంలోనో పని దగ్గరో ఉంటాం. ఫోన్ ఎక్కడ పెట్టుకోవాలి?

ఎక్కడ పెట్టకూడదో ముందు చెప్తాను: స్కూటీ సీటు కింద డిక్కీలో. పైనుంచి ఎండకు కాలిన సీటు, కింద ఇంజిన్, మధ్యలో గాలి లేని డబ్బా. బైక్ ట్యాంకు కవరు, రేకుల షెడ్డులో గోడ మీద, ట్రాక్టరు బానెట్ మీద, ఇవీ అంతే. చెమటకు తడిసే జేబు కూడా మంచిది కాదు, తేమ చార్జింగ్ రంధ్రంలోకి చేరుతుంది.

చెట్టు నీడలో అన్నం సంచిలో, పొడి తువ్వాలులో వదులుగా చుట్టి పెడితే చాలు. సంచిలో కాలుతున్న వేడి అన్నం గిన్నె పక్కన కాకుండా మంచినీళ్ల సీసా వైపు, కానీ సీసాకు ఆనకుండా. నెట్ ఆపేయండి, కాల్స్ ఎలాగూ వస్తాయి. ఉపాధి పనుల దగ్గర ఫోటో హాజరు తీసే మేట్లకు ఎండలోకి రాక తప్పదు. ఆ యాప్ నీడలోనే తెరిచి, లాగిన్ అయిపోయి, ఫోటో తీసే నిమిషానికి బయటికి రండి. ఎండలో నిలబడి యాప్ తెరుచుకునే దాకా ఎదురుచూడటంలోనే ఫోన్ సగం కాలిపోతుంది. ఎండ వేళ అప్‌లోడ్ మొండికేస్తే మళ్లీ నీడలోకి వచ్చి ప్రయత్నించండి.

మా ఊళ్లో సిగ్నల్ ఒకటే గీత. అక్కడికి వెళ్తే ఫోన్ ఎందుకు ఎక్కువ కాలుతుంది?

టవర్ దూరంగా ఉంటే దానికి వినపడేలా ఫోన్ ఎక్కువ పవర్ పెట్టి సిగ్నల్ పంపాలి. పైగా ఒకసారి 5జీ, ఒకసారి 4జీ వెతుకుతూ మార్చుకుంటూనే ఉంటుంది. మీరు ఏమీ చేయకపోయినా లోపల పని జరుగుతూనే ఉంటుందన్నమాట. సెట్టింగ్స్‌లో 5జీ ఆపి 4జీలో ఉంచండి. వైఫై ఉన్న ఇల్లైతే వైఫై కాలింగ్ ఆన్ చేయండి. సిగ్నల్ లేని ఘాట్ రోడ్డులో ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయండి. ఇలాంటి చోట హాట్‌స్పాట్ ఇచ్చి ఇంకొకరికి క్రికెట్ చూపించడం కంటే ఫోన్‌ను పొయ్యి మీద పెట్టడం తేలిక.

పెళ్లి లైవ్ పెడుతున్నాం, మధ్యలో ఆగిపోతోంది.

లైవ్ అంటే కెమెరా, వీడియోను కుదించే పని, అప్‌లోడ్, వెలుగుతున్న స్క్రీన్, అన్నీ గంటల తరబడి. రేకుల పందిట్లో, ఫ్లడ్ లైట్ల పక్కన అయితే ఇంకా కష్టం. క్వాలిటీ 4కే నుంచి 1080కి, కుదిరితే 720కి దించండి, చూసే చుట్టాలకు తేడా తెలియదు. బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించండి, కవర్ తీయండి, వెనక నుంచి చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. తలంబ్రాలకు ముందే రెండో ఫోన్ సిద్ధంగా ఉంచుకుంటే గొడవే ఉండదు.

## చార్జింగ్ దగ్గర

మధ్యాహ్నం చార్జింగ్ 80 దగ్గర ఆగిపోతోంది. చార్జర్ పోయిందా?

చాలాసార్లు కాదు. బ్యాటరీ వేడిగా ఉంటే ఫోనే చార్జింగ్ ఆపుతుంది, చల్లబడ్డాక మళ్లీ ఎక్కించుకుంటుంది. మామూలు లిథియం అయాన్ బ్యాటరీలకు చార్జింగ్ హద్దు సుమారు 45 డిగ్రీలు, ఆ పైన ఎక్కిస్తే లోపల దెబ్బతింటుంది. కొన్ని ఫోన్లలో 80 దగ్గర ఆపే సెట్టింగు కూడా ఉంటుంది, బ్యాటరీ సెట్టింగ్స్‌లో అది ఆన్‌లో ఉందేమో చూడండి. చార్జర్ మార్చేముందు తెల్లవారుజామున ఒకసారి పెట్టి చూడండి. అప్పుడు సాఫీగా నిండితే చార్జర్‌కు ఏమీ కాలేదు.

ఫాస్ట్ చార్జర్ ఎండాకాలంలో వాడొచ్చా?

ఫోన్‌తో వచ్చినదైతే వాడొచ్చు, వేడి పెరిగితే ఫోన్ స్పీడు తగ్గించుకుంటుంది. కాకపోతే తీగలో కరెంటు రెట్టింపైతే అక్కడ పుట్టే వేడి నాలుగు రెట్లు అవుతుంది, ఇది బడిలో చదివిన సూత్రమే. తొందర లేనప్పుడు, ముఖ్యంగా ఒంటిగంట నుంచి నాలుగు మధ్య, నిదానంగా ఎక్కే పాత చార్జర్ వాడండి, లేదా సెట్టింగ్స్‌లో ఫాస్ట్ చార్జింగ్ ఆపండి. ఇంకా మంచిది పొద్దున్నే పెట్టుకోవడం.

రోడ్డు పక్క చార్జర్లు మాత్రం వద్దు. మన దేశంలో అమ్మే చార్జర్ మీద బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, ఐఎస్ అని మొదలయ్యే ప్రమాణం అంకె, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూసుకోవచ్చు. పవర్‌బ్యాంకు మీద కూడా ఇలాంటి నంబరు చూడండి.

రాత్రంతా పెట్టి పడుకుంటే పేలిపోతుందా?

సరైన చార్జర్, బాగున్న బ్యాటరీ అయితే పేలదు, నిండాక ఫోనే ఆపుతుంది. నాకు భయం వేసేది ఎక్కడ పెడతారన్నది. దిండు కింద, పరుపు మీద, దుప్పటి మడతలో పెట్టి పడుకునేవాళ్లు బోలెడు మంది. వేడి పోయే దారి ఉండదు, ఏదైనా తేడా వస్తే అంటుకునే దూది పక్కనే ఉంటుంది. బల్ల మీదో నేల మీదో పెట్టండి.

బ్యాటరీ ఆయుష్షు మాటకొస్తే, వేడిలో నిండా 100తో ఉండటం దానికి అన్నిటికంటే చెడ్డది. లిథియం బ్యాటరీని 40 డిగ్రీల్లో ఏడాది ఊరికే ఉంచితే, 40 శాతం చార్జితో ఉన్నది సుమారు 85 శాతం సామర్థ్యం నిలుపుకుంటే, నిండా ఉన్నది 65 దగ్గరికి పడిపోతుందని చాలామంది చెప్పే పట్టిక ఒకటుంది. 80 దగ్గర ఆపే సెట్టింగు ఉంటే ఈ మూడు నెలలైనా ఆన్ చేసుకోండి.

వైర్‌లెస్ చార్జింగ్ ఎలా ఉంటుంది?

వైరు కంటే ఎక్కువ వేడి, ఎక్కువ వృథా. ఫోన్ కొంచెం పక్కకు జరిగి కూర్చుంటే ఇంకా ఎక్కువ. ఏసీ గదిలో ఓకే, లేకపోతే ఎండాకాలం అయ్యేదాకా పక్కన పెట్టేయండి.

చార్జింగ్ పెట్టి గేమ్ ఆడితే ఏమవుతుంది? పిల్లలు వినరు.

సెలవుల్లో ఇంటింటా ఇదే కథ. ప్రాసెసర్ వేడి ఒకవైపు, ఎక్కుతున్న బ్యాటరీ వేడి ఇంకోవైపు, రెండూ కలిసి పోతాయి. వేడెక్కాక ఫోన్ స్పీడు తగ్గించుకుంటుంది కాబట్టి గేమ్ కూడా ఆగి ఆగి నడుస్తుంది, పిల్లలకు ఈ మాట చెప్పండి, బ్యాటరీ ఆయుష్షు గురించి చెబితే వినరు గానీ గేమ్ స్లో అవుతుందంటే వింటారు. కొన్ని ఫోన్లలో చార్జర్ కరెంటును బ్యాటరీకి ఎక్కించకుండా నేరుగా ఫోన్ నడవడానికి ఇచ్చే బైపాస్ చార్జింగ్ సెట్టింగు ఉంది, ఉంటే అది ఆన్ చేయండి.

## కాలిపోతున్నప్పుడు

"ఫోన్ చల్లబడాలి" అని మెసేజ్ వచ్చి ఆగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

కంగారు పడొద్దు. వైరు పీకండి, కవర్ తీయండి, నీడలోకి తీసుకెళ్లి ఫ్యాన్ కింద పెట్టండి. ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. పరుపు, సోఫా వద్దు. నీడలో ఉన్న బండల నేల మీద వీపు ఆనేలా పడుకోబెట్టండి. తాండూరు బండ అయినా గ్రానైట్ అయినా రాయి వేడిని లాగేసుకుంటుంది, కాసేపయ్యాక ఎత్తి చూస్తే ఫోన్ ఉన్న చోట బండ వెచ్చగా తగులుతుంది. అప్పుడు పక్క బండ మీదికి జరపండి. పావుగంట, ఇరవై నిమిషాలు చాలు. మధ్యలో ఆన్ చేసి చూస్తూ ఉండొద్దు. ఐఫోన్‌లో ఆ మెసేజ్ ఉన్నప్పుడు కూడా ఎమర్జెన్సీ కాల్ కుదరవచ్చు, అత్యవసరమైతే ప్రయత్నించండి.

ఫ్రిడ్జ్‌లో పెడితే త్వరగా చల్లబడుతుంది కదా?

పెట్టొద్దు. ఫ్రీజర్‌లో అసలే వద్దు. చల్లబడిన ఫోన్‌ను బయటికి తీయగానే చల్లటి సీసా చుట్టూ పట్టినట్టే దానికీ నీరు పడుతుంది, బయట మాత్రమే కాదు, లోపల కూడా. ఐపీ68 ఉంది కదా అంటారు, అది బయటి నీళ్లు లోపలికి రాకుండా చూసేది, లోపలి గాలిలో ఉన్న తేమ లోపలే నీరుగా మారితే అదేం చేస్తుంది? ఐస్ ముక్కలు, తడిగుడ్డ, కూలర్ ముందు తుంపర్లు పడే చోటు, వీటన్నిటికీ ఇదే జవాబు.

ఆన్‌లైన్‌లో అమ్మే ఫోన్ కూలర్ పనిచేస్తుందా?

వెనక అంటించే ఆ చిన్న ఫ్యాన్ పెట్టెల్లో కొన్ని ఉత్త ఫ్యాన్లు, కొన్నిటిలో పెల్టియర్ పలక ఉంటుంది, కరెంటు ఇస్తే ఒక ముఖం చల్లగా, ఇంకో ముఖం వేడిగా అవుతుంది. రెండో రకం బాగానే పనిచేస్తుంది. కరీంనగర్, రామగుండం వైపు పొడి ఎండలో ఇబ్బంది లేదు. విశాఖ, కాకినాడలాంటి ఉక్కపోత ఊళ్లలో మాత్రం ఎక్కువ చల్లబరిస్తే ఫోన్ వీపు మీద నీటి బొట్లు కనిపిస్తాయి, అప్పుడు ఆపేయాలి. రోజూ గంటల కొద్దీ గేమ్ ఆడేవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అవసరం లేదు.

"కూలింగ్ యాప్" వేసుకోమంటున్నారు.

యాప్ గాలి విసరలేదు. అది చేసేదల్లా మిగతా యాప్‌లను మూయడం, ఆ పని మీరే చేయొచ్చు. చాలావాటిలో ప్రకటనలు నిండి ఉండి అవే ఫోన్‌ను వేడెక్కిస్తాయి. తీసేయండి.

## ఆ తర్వాత

అప్‌డేట్ చేసినప్పటి నుంచి ఊరికే వేడెక్కుతోంది.

పెద్ద అప్‌డేట్ తర్వాత ఫోటోలు, యాప్‌లు అన్నీ మళ్లీ సర్దుకునే పని వెనకాల నడుస్తుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎక్కువ తింటోందో చూసి దాన్ని తీసి మళ్లీ వేయండి. ప్లేస్టోర్ బయట నుంచి, ఎవరో పంపిన లింకుతో వేసిన యాప్ అయితే తీసేయడమే, మళ్లీ వేయొద్దు.

ఎండాకాలం అయ్యాక చార్జి త్వరగా దిగిపోతోంది. మళ్లీ బాగవుతుందా?

పోయిన సామర్థ్యం తిరిగి రాదు. ఐఫోన్‌లో, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్యాటరీ ఆరోగ్యం శాతంలో చూపిస్తుంది, 80 కంటే దిగితే బ్యాటరీ మార్పించండి, ఫోన్ మార్చక్కర్లేదు. కంపెనీ సర్వీసు సెంటర్‌లోనే మార్పించండి. సగం ధరకు వేస్తామనే చోట వేసేది ఎలాంటి బ్యాటరీయో తెలియదు.

స్క్రీన్ పక్కన సందు వచ్చింది, వెనక మూత లేచినట్టుంది. వాడొచ్చా?

వాడొద్దు. బ్యాటరీ ఉబ్బింది. లోపల వాయువు చేరి అలా అవుతుంది. చార్జింగ్ పెట్టకండి, స్విచాఫ్ చేయండి, మూతను నొక్కి సరిచేయాలని చూడకండి, పిన్నుతో గుచ్చితే గాలి పోతుందని యూట్యూబ్‌లో చూపిస్తారు, ఆ పని చేస్తే అంటుకుంటుంది. ఫోటోలు తీసుకోవాలి కదా అని మళ్లీ ఆన్ చేసేవాళ్లూ ఉన్నారు. ఆ మాట సర్వీసు సెంటర్‌లో చెప్పండి, కొత్త బ్యాటరీ వేశాక అందులోంచే తీసుకోవచ్చు. అక్కడికి తీసుకెళ్లేదాకా కాగితాలు, గుడ్డలు దగ్గర లేకుండా స్టీలు గిన్నెలోనో గచ్చు మీదో పెట్టండి. పాత బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా అక్కడే ఇచ్చేయండి. ఊరెళ్లే హడావిడిలో ఉన్నా సరే ముందు ఇది చూసుకోండి, ఉబ్బిన బ్యాటరీ ఉన్న ఫోన్‌ను విమానంలోకి తీసుకెళ్లకూడదు.